‘ఇతరాలు’ ముక్కను విప్పి చూపండి

సంపాదకుల వారికి,

నమస్కారం. పదిహేనేళ్ల పిల్లలు పెద్దయ్యాక ఏ పని చేయాలనుకుంటున్నారన్న విషయానికి మీ పత్రిక విద్యా అనుబంధం ఇటీవల ఒక పూర్తి పేజీ కేటాయించి, సర్వే ఫలితాలను అంకెల పట్టికలుగా కాక రంగుల చిత్రాలుగా ప్రచురించింది. గణాంకశాస్త్రం బోధించేవాడిగా ఆ ప్రయత్నాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను. అయితే పేజీ మధ్యలో ఉన్న ప్రధాన చిత్రం విషయంలో నాకొక అభ్యంతరం ఉంది. డాక్టరు, ఇంజినీరు, టీచరు, క్రీడాకారుడు వంటి ఏడెనిమిది పేర్లకు తలా ఒక రంగు ఇచ్చి, మిగిలినవాళ్లందరినీ ‘ఇతరాలు’ అనే బూడిదరంగు ముక్కలో కలిపేసిన పై చార్ట్ (pie chart, అంటే వృత్తాన్ని ముక్కలుగా కోసి వాటాలు చూపే చిత్రం) అది. చదివేవారి చూపు సహజంగానే రంగుల మీదికి పోతుంది. కానీ పిల్లల ఆశల గురించి మనకు ఇంకా తెలియనిదంతా ఆ బూడిదరంగులోనే ఉంది, దానిని విప్పే ప్రయత్నం ఆ పేజీలో ఎక్కడా కనబడలేదు.

ఇది ఒక్క పత్రికకు పరిమితమైన సంగతి కాదు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) వివిధ దేశాల విద్యార్థుల సామర్థ్యాన్ని పోల్చడానికి నిర్వహించే పీసా పరీక్షలో పదిహేనేళ్ల విద్యార్థులను ‘సుమారు ముప్పై ఏళ్ల వయసులో మీరు ఏ ఉద్యోగంలో ఉంటారని అనుకుంటున్నారు’ అని కూడా అడుగుతారు. 2018 జవాబులను విశ్లేషించి 2020 జనవరిలో ఆ సంస్థ వెలువరించిన నివేదిక ప్రకారం, 41 దేశాల్లో 47 శాతం అబ్బాయిలు, 53 శాతం అమ్మాయిలు పేర్కొన్నవి కేవలం పది ఉద్యోగాలే. 2000 నాటి జవాబులతో పోలిస్తే ఈ వాటా తగ్గకపోగా అబ్బాయిల్లో 8, అమ్మాయిల్లో 4 శాతం పాయింట్ల మేరకు పెరిగింది. మరోవైపు అంతర్జాతీయ కార్మిక సంస్థ వాడుకలో ఉంచిన వృత్తుల వర్గీకరణ, ఐఎస్‌సీఓ-08, ప్రపంచంలోని పనులను 436 ప్రాథమిక సమూహాలుగా విడదీస్తుంది. అంటే దాదాపు సగం మంది పిల్లలు పది పేర్ల దగ్గర గుమిగూడి ఉండగా, మిగిలిన సగం మంది నాలుగు వందలకు పైబడిన సమూహాల మధ్య చెల్లాచెదురుగా ఉన్నారన్నమాట. ఈ రెండో సగాన్ని ఒకే ముక్కగా గీసినప్పుడు, అక్కడ వైవిధ్యం ఉన్నదన్న సంగతే పాఠకుడికి అందదు. పైగా ఆ ముక్కలో మూడు రకాల పిల్లలు కలిసిపోతారు: అరుదైన పనిని స్పష్టంగా పేరు పెట్టి చెప్పినవారు, రాసిన జవాబు ఏ వర్గంలోకీ ఇమడనివారు, ‘ఇంకా తెలియదు’ అన్నవారు. తూనికలు సరిచూసే ఉద్యోగం కావాలన్న పిల్లవాడినీ, ఏమీ తోచక ఖాళీ వదిలిన పిల్లవాడినీ ఒకే రంగు కింద పెట్టడం న్యాయం కాదు. ‘తెలియదు’ అన్నది కూడా ఒక జవాబే. దానికి సొంతంగా ఒక చోటు దక్కాలి.

మరి ఎలా గీయాలి? పై చార్ట్‌ను 1801లో విలియం ప్లేఫెయిర్ పరిచయం చేశాడు. కమ్మీ చిత్రాన్ని (బార్ చార్ట్), కాలంతో సాగే రేఖాచిత్రాన్ని అంతకు పదిహేనేళ్ల ముందే, 1786లో, వాడుకలోకి తెచ్చింది కూడా ఆయనే. 1984లో విలియం క్లీవ్‌లండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే గణాంక పరిశోధకులు జరిపిన ప్రయోగాల్లో తేలిందేమిటంటే, మన కన్ను ఒకే కొలబద్ద మీద ఉన్న స్థానాలను పోల్చినంత కచ్చితంగా కోణాలను పోల్చలేదు, వైశాల్యాలను అంతకన్నా పోల్చలేదు. కాబట్టి ఏ ఉద్యోగాన్ని ఎందరు కోరుకున్నారో పోల్చి చూడాలంటే, పెద్దది పైన చిన్నది కింద ఉండేలా వరుస పెట్టిన అడ్డ కమ్మీలే మేలు. కమ్మీల వరుసకు ఇంకో సౌకర్యం ఉంది. ముప్పై నలభై పేర్లు పట్టించవచ్చు, పేర్లను పక్కనే చదువుకోవచ్చు, ఆ వరుస కిందికి సాగేకొద్దీ ఎంత సన్నగా, ఎంత పొడవుగా సాగుతున్నదో కూడా కనిపిస్తుంది. ఆ పొడవైన తోకనే పై చార్ట్ మింగేస్తుంది.

విస్తృతిని ఒక్క చూపులో చూపదలచుకుంటే ట్రీమ్యాప్ అనే పద్ధతి ఉంది. 1990ల ఆరంభంలో బెన్ ష్నైడర్‌మన్ దీన్ని రూపొందించినది కంప్యూటరు డిస్కును ఏ ఫైళ్లు నింపేస్తున్నాయో చూసుకోవడానికి. ఒక పెద్ద దీర్ఘచతురస్రాన్ని ప్రధాన వృత్తి వర్గాలుగా విడదీసి, ప్రతి వర్గాన్నీ అందులోని ఉద్యోగాల సంఖ్యను బట్టి మళ్లీ చిన్న గడులుగా విడదీసి, పిల్లలు పేర్కొన్న వాటికి రంగు వేస్తే, పిల్లలు పేరైనా ఎత్తని పనులు ఎన్ని ఉన్నాయో తెల్లగా మిగిలిన గడులే చెబుతాయి. ఇందులో కచ్చితమైన పోలిక కుదరదని ఇంతకు ముందు చెప్పిన ప్రయోగాలే హెచ్చరిస్తున్నాయి. అందుకే కమ్మీలకు ఇది తోడు కావాలి తప్ప వాటి స్థానాన్ని ఆక్రమించకూడదు.

అన్నిటికన్నా నేను చూడాలనుకున్న చిత్రం మాత్రం ఆ పేజీలో లేదు. ఒక్కో వృత్తికి ఒక్కో అడ్డగీత గీసి, దాని మీద రెండు చుక్కలు పెట్టాలి. ఒకటి ఆ వృత్తిని కోరుకున్న విద్యార్థుల శాతం, రెండోది ఉద్యోగాల్లో ఉన్నవారందరిలో ఆ వృత్తిలో పనిచేస్తున్నవారి శాతం. రెండు చుక్కలూ దగ్గరగా ఉన్నచోట గీత పొట్టిగా, దూరంగా ఉన్నచోట పొడుగ్గా ఉంటుంది. లక్షలాది మంది పనిచేస్తున్నా ఏ పిల్లవాడి నోటా రాని పనులు ఒక కొసన, వేలమంది కోరుకుంటున్నా కొద్దిమందికి మాత్రమే చోటున్న పనులు మరో కొసన తేలతాయి. ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇవాళ ఒక వృత్తిలో ఎందరు ఉన్నారన్నది ఒక లెక్క, రానున్న పదేళ్లలో ఎన్ని ఖాళీలు ఏర్పడతాయన్నది వేరే లెక్క. పెరుగుదల లేని వృత్తిలో కూడా పదవీ విరమణల వల్ల ఖాళీలు వస్తూనే ఉంటాయి. వేగంగా పెరుగుతోందని పేరుపడ్డ వృత్తి మొత్తం పరిమాణంలో చాలా చిన్నది కావచ్చు. వంద మంది ఉన్నచోట రెట్టింపైనా కొత్తగా వచ్చేది వంద ఉద్యోగాలే. ‘అత్యంత వేగంగా పెరుగుతున్న ఉద్యోగాలు’ అంటూ శాతాలను మాత్రమే ఇచ్చే చిత్రాలు ఈ తేడాను దాచేస్తాయి కనుక, శాతంతో పాటు సంఖ్యనూ వేయాలి. రెండు చుక్కల మధ్య దూరాన్ని చూసి పిల్లల ఆశలు తప్పని తీర్పు చెప్పడం కూడా తొందరపాటే అవుతుంది. చాలాసార్లు ఆ దూరం చెప్పేది ఆశ గురించి కాదు, పిల్లలకు అందిన సమాచారం గురించి.

ప్రశ్న ఎలా అడిగారన్నది చిత్రాన్ని ముందే నిర్ణయించేస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. పది పేర్ల జాబితా ఇచ్చి టిక్కు పెట్టమంటే పది పేర్లే వస్తాయి. ఖాళీ గీత ఇచ్చి సొంత మాటల్లో రాయమంటే వందల రకాల జవాబులు వస్తాయి, ఆ తరువాత వాటిని ఎవరో ఒకరు కూర్చుని వర్గీకరించవలసి ఉంటుంది. ‘ఏం కావాలనుకుంటున్నావు’ అన్న ప్రశ్నకూ ‘ఏమవుతావని అనుకుంటున్నావు’ అన్న ప్రశ్నకూ ఒకే పిల్లవాడు వేర్వేరు జవాబులు ఇవ్వవచ్చు. మొదటిది కోరిక, రెండోది అంచనా. ఈ రెండింటినీ అడిగి పక్కపక్కన చూపిన చిత్రం ఒక్కటి దొరికినా, పిల్లలు ఎక్కడ రాజీపడటం మొదలుపెడుతున్నారో తెలుసుకోవచ్చు. మీ పేజీలో ప్రశ్న పాఠం లేదు. ఎందరిని అడిగారో ఒక మూలన చిన్న అక్షరాల్లో ఉంది గానీ, ఎందరు జవాబివ్వలేదో లేదు.

ఆశ నుంచి ఉద్యోగం దాకా సాగే దారిని చూపడానికి ఈమధ్య చాలామంది సాంకీ చిత్రాన్ని వాడుతున్నారు. 1898లో సాంకీ అనే ఇంజినీరు ఆవిరి యంత్రంలో శక్తి ఎక్కడెక్కడ ఖర్చవుతోందో చూపడానికి గీసిన చిత్రం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. పదిహేనేళ్లప్పటి ఆశ ఎడమ అంచున, చేరిన కోర్సు మధ్యలో, దొరికిన పని కుడి అంచున ఉంచి, ఎందరు ఎటు నుంచి ఎటు వెళ్లారో పట్టీల వెడల్పుతో చూపితే చూడటానికి అందంగానూ ఉంటుంది, విషయమూ బోధపడుతుంది. కానీ ఆ పట్టీలు గీయాలంటే అవే పేర్లు గల అదే పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించి అడిగి ఉండాలి. ఈ ఏడాది పదో తరగతి వారిని ఒక సర్వేలో, ఈ ఏడాదే ఉద్యోగంలో చేరినవారిని మరో సర్వేలో అడిగి, రెండు పట్టికలనూ పట్టీలతో కలిపితే అది కల్పన తప్ప దత్తాంశం (డేటా) కాదు. అలా కలిపి గీసిన చిత్రాలను నేను చూశాను. అవి చూపుతున్న ప్రయాణం ఏ ఒక్క మనిషీ చేసినది కాదు. ఇక నిజంగా అదే విద్యార్థులను అనుసరించి గీసినప్పుడు కూడా, దారి మారిన పట్టీలకు ఎరుపు, మారని వాటికి ఆకుపచ్చ వేయడం నాకు నచ్చదు. పదిహేనేళ్ల వయసులో చెప్పినదానికి కట్టుబడటం విజయమనీ, మనసు మార్చుకోవడం ఓటమి అనీ ఆ రంగులు పాఠకుడికి చెప్పకనే చెబుతాయి. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా పోల్చలేనివారు పురుషుల్లో తక్కువేమీ లేరన్న సంగతి ఎలాగూ ఉంది.

ఫలితాల కాలంలో పత్రికల నిండా కనిపించే ‘అత్యధిక ప్యాకేజీ’ కమ్మీల గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. ఒక విద్యాసంస్థ నుంచి వెళ్లిన వందలాది మందిలో ఒకే ఒక్కరి జీతాన్ని ఎత్తైన కమ్మీగా గీసి, దాని పక్కన ఇంకో సంస్థకు చెందిన ఇంకొకరి జీతాన్ని నిలబెట్టడం వల్ల ఆ ఇద్దరి గురించి తప్ప ఎవరి గురించీ ఏమీ తెలియదు. సరాసరి ఇచ్చినా చాలదు, ఎందుకంటే జీతాల విభాజనం పైవైపు సాగి ఉంటుంది. నలుగురైదుగురి భారీ జీతాలు సరాసరిని పైకి లాగేస్తాయి. మధ్యగతం, అంటే జీతాలను వరుసలో పేర్చితే సరిగ్గా మధ్యన వచ్చేది, ఇవ్వాలి, దానితో పాటు కింది పాతిక శాతం, పై పాతిక శాతం హద్దులు ఇవ్వాలి. ఆ రెండు హద్దుల మధ్య ఒక పెట్టె గీసి, మధ్యగతం దగ్గర గీత పెట్టే చిత్రం, గణాంకశాస్త్రజ్ఞుడు జాన్ టూకీ వాడుకలోకి తెచ్చిన పెట్టె చిత్రం (బాక్స్ ప్లాట్), సరిగ్గా ఈ పని కోసమే ఉంది. పెట్టె చిత్రం పాఠకులకు కొత్తగా అనిపిస్తుందనుకుంటే, ఒక్కో విద్యార్థికి ఒక్కో చుక్క పెట్టి జీతం ప్రకారం వరుసలో పేర్చితే చిన్నపిల్లలైనా చదువుకోగలరు. ఉద్యోగం దొరకనివారికీ, వివరాలు ఇవ్వనివారికీ కూడా చుక్కలు పెట్టాలి, రంగు లేని చుక్కలైనా సరే. వాళ్లను వదిలేసి గీసిన చిత్రం నెగ్గినవాళ్ల చిత్రమే అవుతుంది. ఇవి ప్రకటనలే గదా, వార్తలు కావు గదా అని మీరు అనవచ్చు. ప్రకటనల పక్కనే మీ విలేఖరి గీయించిన మధ్యగతాల చిత్రం ఒకటి ఉంటే పాఠకుడే పోల్చుకుంటాడు.

ఆశలు ఎక్కడి నుంచి వస్తాయన్న ప్రశ్నకు చిత్రాలు చేసిన మేలు ఒకటి చెబుతాను. డేవిడ్ వేడ్ చేంబర్స్ అనే పరిశోధకుడు 1966 నుంచి 1977 దాకా 4,807 మంది చిన్నపిల్లలను ‘ఒక శాస్త్రవేత్త బొమ్మ గీయండి’ అని అడిగాడు. 1983లో ప్రచురించిన ఆ ఫలితాల్లో స్త్రీ శాస్త్రవేత్తను గీసినవారు 28 మంది మాత్రమే, ఆ 28 మందీ అమ్మాయిలే. అమెరికాలో అయిదు దశాబ్దాల పాటు జరిగిన ఇలాంటి 78 అధ్యయనాలను కలిపి 2018లో చేసిన విశ్లేషణలో, 1980ల మధ్య నుంచి జరిగిన అధ్యయనాల్లో స్త్రీని గీసినవారు సగటున 28 శాతానికి చేరారని తేలింది. ఇంతవరకే చెప్పి ఒక్క శాతంతో ఆగిపోతే అది శుభవార్త. అదే దత్తాంశాన్ని పిల్లల వయసు అడ్డంగా, శాతం నిలువుగా, అమ్మాయిలకూ అబ్బాయిలకూ వేర్వేరు గీతలుగా గీస్తే, బడిలో పై తరగతులకు వెళ్లేకొద్దీ పురుషుల బొమ్మలే ఎక్కువవుతుండటం కనబడుతుంది. లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ 1981లో ప్రతిపాదించిన సిద్ధాంతం చెప్పేదీ దాదాపు ఇదే: ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య పిల్లలు ‘ఇది మగవాళ్ల పని, ఇది ఆడవాళ్ల పని’ అని కొన్నిటిని మనసులోంచి తుడిచేస్తారు, ఆ తరువాత హోదాను బట్టి మరికొన్నిటిని తుడిచేస్తారు, తమకు ఏది ఇష్టమో ఆలోచించే వయసు వచ్చేసరికి జాబితా ఎంతో కుదించుకుపోయి ఉంటుంది. పదిహేనేళ్ల వయసులో సర్వే చేసి గీసిన చిత్రం, ఆ తుడిచివేత ముగిశాక మిగిలినదాని చిత్రం. మీ అనుబంధం వచ్చే ఏడాది ఎనిమిదేళ్ల పిల్లలనూ అడగగలిగితే ఎంతో బాగుంటుంది.

వృత్తుల చిత్రం సమాజాన్ని నిలదీయగలదని 1900లోనే నిరూపించినవాడు నల్లజాతి అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఈ.బీ. డూబాయిస్. పారిస్ ప్రపంచ ప్రదర్శన కోసం ఆయనా, అట్లాంటా విశ్వవిద్యాలయంలోని ఆయన విద్యార్థులూ నల్లజాతి అమెరికన్ల జీవితంపై చేతితో రంగులు వేసి గీసిన చిత్రాల్లో ఒకటి, జార్జియాలో నల్లవారి వృత్తులనూ తెల్లవారి వృత్తులనూ ఎదురెదురుగా రెండు విసనకర్రల్లా నిలబెట్టింది. అందులోనూ వృత్తఖండాలే ఉన్నాయి, పై చార్ట్‌ను ఇంత తిట్టిన నేను దాన్ని మెచ్చుకోవడం వింతగా ఉండవచ్చు. కానీ అక్కడ ఉన్నవి ఐదే వర్గాలు, పోల్చవలసినవి రెండే గుంపులు, దేనినీ దాచే ముక్క లేదు. నియమం కన్నా ఉద్దేశం ముఖ్యమని ఒప్పుకుంటాను.

భవిష్యత్తు ఉద్యోగాల చిత్రాలు వేరే కథ. 2013లో ఫ్రే, ఆస్‌బోర్న్ అనే ఇద్దరు పరిశోధకులు 702 వృత్తులను పరిశీలించి, అమెరికా ఉద్యోగాల్లో 47 శాతం యంత్రాల పాలయ్యే ముప్పు ఎక్కువగా ఉన్నదన్నారు. 2016లో ఓఈసీడీ కోసం చేసిన మరో అధ్యయనం 21 దేశాలకు ఆ అంకె సగటున 9 శాతమని చెప్పింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. మొదటివారు ఉద్యోగాన్ని విడదీయరాని ఒక ముద్దగా తీసుకున్నారు, రెండోవారు అదే ఉద్యోగాన్ని అందులో మనిషి రోజూ చేసే చిన్న చిన్న పనులుగా విడదీశారు. ఈ రెండు అంకెల్లో ఏదో ఒకదాన్ని పెద్ద అక్షరాలతో అచ్చువేసి పదిహేనేళ్ల పిల్లవాడి ముందు పెడితే అతడు నేర్చుకునేది భయమో, భరోసానో తప్ప విషయం కాదు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1996లో ద్రవ్యోల్బణం అంచనాలను ఒక్క గీతగా కాక, ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే నీడలా చూపడం మొదలుపెట్టింది. ఉద్యోగాల అంచనాలకూ అదే మర్యాద పాటించవచ్చు.

ఉద్యోగాన్ని చిన్న పనులుగా విడదీసిన ఆ రెండో అధ్యయనం నేర్పే మరో విషయం పిల్లలకు నేరుగా పనికివస్తుంది. ‘డాక్టరు’ అన్న ఒక్క పేరు బదులు, ఆ వృత్తిలోని మనిషి వారంలో ఎన్ని గంటలు రోగులతో మాట్లాడుతూ, ఎన్ని గంటలు రాస్తూ, ఎన్ని గంటలు నిలబడి, ఎన్ని రాత్రులు మేలుకొని గడుపుతారో గడుల్లో రంగులు నింపి చూపితే, విద్యార్థి తనకు కావలసింది ఆ పేరా, ఆ పనా అని తేల్చుకోగలడు. వేర్వేరు పేర్లున్న రెండు ఉద్యోగాల వారాలు ఒకేలా ఉండటమూ అప్పుడే బయటపడుతుంది. ‘ఇతరాలు’లో పడిపోయిన పనుల్లో కొన్ని, పేరున్న పనులకు ఎంత దగ్గరి చుట్టాలో కూడా ఇలాగే తెలుస్తుంది. వృత్తి జీవితాలపై పరిశోధించిన మనస్తత్వవేత్త డొనాల్డ్ సూపర్ 1980లో గీసిన జీవన ఇంద్రధనుస్సు ఇలాంటి మరో సాధనం. అందులో ఉద్యోగి పాత్ర ఒక వంపు మాత్రమే. బిడ్డ, విద్యార్థి, పౌరుడు, ఇంటి బాధ్యతలు మోసే మనిషి వంటి పాత్రలు మిగిలిన వంపులు, ఏ వయసులో ఏ వంపు లావెక్కుతుందో, ఏది సన్నబడుతుందో చూసుకోవచ్చు. దీనికి కంప్యూటరు అక్కర్లేదు, కాగితమూ రంగు పెన్సిళ్లూ చాలు. పిల్లలే తమ చిత్రాన్ని తాము గీసుకున్నప్పుడు వాళ్లు వేసే ప్రశ్నలు, పెద్దలు గీసిన చిత్రం చూసినప్పుడు వేసే ప్రశ్నల కన్నా ఎంతో పదునుగా ఉంటాయని తరగతి గదిలో గమనించాను.

ఈ నేపథ్యంలో మీకు నా విజ్ఞప్తి ఇది. తదుపరి సంచికలో అదే సర్వేను మరోసారి, ‘ఇతరాలు’ను విప్పిన కమ్మీల వరుసగా, ప్రశ్న పాఠాన్నీ జవాబివ్వనివారి సంఖ్యనూ చేర్చి ప్రచురించండి. అరుదైన జవాబులను విప్పేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఒక చిన్న పాఠశాలలో ఒకే ఒక్క విద్యార్థి ఇచ్చిన జవాబును పాఠశాల పేరుతో సహా అచ్చువేస్తే, ఆ పిల్లవాడు ఎవరో ఊరందరికీ తెలిసిపోతుంది. అటువంటి చోట్ల వృత్తి పేరు ఉంచి, ప్రాంతాన్నీ పాఠశాలనూ తీసేయాలి. ఆ విధంగా శుభ్రపరచిన మూల పట్టికను మీ వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంచితే, మా విద్యార్థుల చేత దానికి వేర్వేరు చిత్రాలు గీయించి పంపుతాను. అచ్చుకు తగినవి ఏవో మీరే ఎంచుకోవచ్చు.

ఇట్లు,
గణాంకశాస్త్రం బోధించే మీ పాఠకుడు